కరివేపాకు కొమ్మకు మోకు

బొంబాయి కామాఠిపుర చాళీలో కరివేపాకుకు పెరడు అక్కర్లేదు. గ్యాలరీ కటకటాల పక్కన ఒక నూనె డబ్బా, దాన్నిండా మట్టి చాలు. 1784లో సముద్రపు పోటును ఆపే హార్న్‌బీ వెల్లార్డ్ గట్టు పడ్డాక తేలిన పల్లపు నేల ఇది. కట్టడం పనులకు వచ్చిన తెలుగు కామాఠీల పేరే పేటకు నిలిచింది. కట్టేవాళ్ల పేట కనుక ఇక్కడి ఒక కట్టుబడి గురించి చెప్పాలనిపించింది.

1962 జనవరిలో 7.4 డిగ్రీలకు దిగిన బొంబాయిలో ఈ సంక్రాంతికి దుప్పటి బయటికి తీసేంత చలే పడలేదు. నిమ్మ సీతాకోకచిలుక పండగనాడే డబ్బా మీద వాలింది. ఈ ఊళ్లో అవి ఏడాది పొడుగునా ఉంటాయి, కాదనను. కానీ చలి పడితే గూడు (ప్యూపా) విప్పడానికి జాగు చేస్తాయి. వెచ్చగా ఉంటే ఎనిమిది తొమ్మిది రోజులు చాలు.

అది పెట్టే గుడ్లలోంచి వచ్చే పిల్ల పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, ఎవరూ ముట్టరు. పెరిగాక ఆకుపచ్చన.

అసలు పనితనం ఆ తర్వాత. కొమ్మ మీద ముందుగా పట్టుతో చిన్న గద్దె అల్లి, వెనక కాళ్లతో దాన్ని పట్టుకుంటుంది. తల వెనక్కి వంచి, కొమ్మకు ఈ పక్క నుంచి ఆ పక్కకు, మళ్లీ ఇటు, పోగు మీద పోగు వేస్తుంది. ఆ పోగులన్నీ ముందుకాళ్ల మీద ఆపుకొని, చివరికి తల దూర్చి వీపు మీదికి జార్చుకుంటుంది. తాటిచెట్టెక్కిన గౌడన్న మోకులో వెనక్కి వాలినట్టే ఉంటుంది, చూడండి.

ఆ మోకు ఎందుకో మర్నాడు తెలుస్తుంది. చర్మం చీలి కిందికి జారుతుంది, కాళ్లూ దాంతోనే పోతాయి. గూడు తన తోక కొసను పాత చర్మంలోంచి లాగి, అక్కడి సన్న కొక్కేలను గద్దెలో గుచ్చాలి. ఆ కాసేపూ దానికి వేరే ఆధారం లేదు, మోకే దిక్కు. నాకు తెలిసిన ఏ పరంజా ఇంత తక్కువ సరుకుతో ఇంత నమ్మకంగా నిలవలేదు. పచ్చకొమ్మ మీదైతే గూడు పచ్చగా, ఎండుకొయ్య మీదైతే గోధుమరంగులో ఉండటం అదనపు నగిషీ.

మీ డబ్బాలో పచ్చపురుగు కనిపిస్తే దులపకండి. పప్పులోకి పక్క కొమ్మ తెంపుకోండి.