తుమ్మెదల లెక్క, గుర్రాల వెల

తుమ్మెదల గుంపులో అయిదో వంతు కడిమి పూల మీద వాలింది. మూడో వంతు మరో పూలచెట్టుకు పోయింది. ఈ రెండు భాగాల తేడాకు మూడింతలు కొడిశపాల పూలను చేరాయి. మిగిలిన ఒక్క తుమ్మెద మొగలి వాసనకూ జాజి వాసనకూ మధ్య గాలిలో ఊగిసలాడుతోంది. మొత్తం తుమ్మెదలెన్ని?

భాస్కరాచార్యుడు 1150లో ‘లీలావతి’లో పెట్టిన లెక్క ఇది. ఇలాంటివాటికి ఆ గ్రంథం చూపే దారి ఇష్టకర్మ. అంటే, నచ్చిన సంఖ్య ఒకటి అనుకుని మొదలుపెట్టడం. 30 అనుకుంటే 6, 10, 12 పోగా 2 మిగులుతాయి. మిగలాల్సింది ఒకటే. కనుక 30లో సగం, 15.

రెండు వైపులా రొక్కమూ, వెల తెలియని సరుకూ కలిసి ఉంటే ఈ ఊహ ఒక్కటే చాలదు. ‘బీజగణితం’లో భాస్కరుడిదే మరో లెక్క ఉంది. ఒకరి దగ్గర 300 రూకలు, 6 గుర్రాలు. ఇంకొకరి దగ్గర 10 గుర్రాలు, నెత్తిన 100 రూకల అప్పు. గుర్రాలన్నిటి వెలా ఒకటే, ఇద్దరి ఆస్తీ సమానం. గుర్రం వెల ఎంత?

తెలియని రాశిని ఆయన ‘యావత్తావత్’ అన్నాడు, పొట్టిగా ‘యా’. అప్పును సూచించడానికి అంకె మీద చుక్క పెట్టేవారు. నేటి గుర్తులతో రాస్తే:

6యా + 300 = 10యా − 100

రెండు పక్షాల నుంచీ ఆరేసి గుర్రాలు తీసేయాలి. అప్పు తీరేలా రెండు వైపులా 100 కలపాలి. 400 = 4యా. గుర్రం వెల 100 రూకలు. రొక్కాల తేడాను సరుకుల తేడాతో భాగించమనే సూత్రం 499 నాటి ‘ఆర్యభటీయం’లోనే ఉంది.

ఎనిమిదో తరగతి పిల్లలు తడబడేది బ్రాకెట్ దగ్గర.

3(యా − 4) − 2(యా − 5) = 7

రెండో బ్రాకెట్ విప్పితే +10 ఎలా వచ్చింది? అప్పును అప్పుతో గుణిస్తే ధనమని బ్రహ్మగుప్తుడు 628లోనే నియమం చెప్పాడు. బ్రాకెట్‌ను ఒక సంచి అనుకుంటే ఆ నియమం కళ్లకు కడుతుంది. సంచిలో ‘యా’ రూకలు, 5 రూకల అప్పుపత్రం ఉన్నాయి. అలాంటి సంచులు రెండు పట్టుకుపోతే 2యా పోతాయి, దాంతోపాటు 10 రూకల అప్పూ పోతుంది. అప్పు పోవడం లాభమే. యా − 2 = 7, యా = 9. మన ధన సంఖ్య, ఋణ సంఖ్య అనే మాటల్లో ఆ సొమ్మూ ఆ అప్పూ ఇప్పటికీ ఉన్నాయి.

ఈ గణితం సంస్కృతంలోనే ఆగిపోలేదు. మహావీరాచార్యుడి ‘గణితసార సంగ్రహం’ను పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

తుమ్మెదల లెక్కలోనూ బ్రాకెట్ ఉంది: 3(యా/3 − యా/5). విప్పితే యాలో పదిహేనింట ఆరు వంతులు. ముందు పోయిన మూడు, అయిదు వంతులు కలిపితే పద్నాలుగు. మిగిలిన ఆ ఒక్క వంతే గాలిలో తిరుగుతున్న తుమ్మెద. కడిమి మీద 3, పక్క చెట్టున 5, కొడిశపాల మీద 6.