తడి తెలిసిన చెయ్యి

పెద్దాపురంలో మా వదిన చేసే నూడుల్స్‌లో సెంటర్లో బండివాడు వాడనిదేమీ ఉండదు. ఒక ప్యాకెట్ హక్కా నూడుల్స్, క్యాబేజీ, క్యారెట్, బీన్స్, క్యాప్సికం, ఉల్లికాడలు, సోయాసాస్, వెనిగర్, మిరియాల పొడి. అంతే. అయినా ప్లేటులో పోగుకు పోగు విడిగా ఉంటుంది, ముక్క కరకరలాడుతుంది, అడుగున నీరు ఊరదు. పక్కన నిలబడి చూస్తే కిటుకు తెలుస్తుంది. ఆవిడ కన్నంతా నీటి మీదే.

ఈ వంట పెద్ద మంటకు పుట్టింది. 18వ శతాబ్దం చివరి నుంచీ కలకత్తాలో స్థిరపడుతూ వచ్చిన చైనీయుల్లో హక్కావాళ్లు అక్కడి టాంగ్రా ప్రాంతంలో తోళ్ల పని చేశారు, హోటళ్లు పెట్టారు. వాళ్ల సోయాసాస్‌కి మన పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి తోడై ఈ వంట దేశమంతా పాకింది. 1983లో మ్యాగీ వచ్చి నూడుల్స్‌ని ఇళ్లలోకి తెచ్చింది గానీ, అది ఉడకబెట్టుకునే వంట. వేయించే నూడుల్స్ జోరంతా బండి మీది భగభగ మంటలోనే ఉంది.

ఇంటి గ్యాస్ పొయ్యికి ఆ జోరు లేదు. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వేపుడు రంగూ వాసనా రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. మూకుట్లో తడి ఉన్నంతసేపూ వేడి దాన్ని ఆవిరి చేయడానికే పోతుంది. 50 గ్రాముల నీరు ఎక్కువైందా, ఇంట్లో పెద్ద బర్నర్ మీద అది ఇగరడానికే నిమిషం పడుతుంది. ఆలోగా నూడుల్స్ ముద్ద.

అందుకే వదిన అసలు పని పొయ్యి మీద మూకుడు పెట్టక ముందే అయిపోతుంది. మరిగే నీళ్లలో ఉప్పేసి నూడుల్స్ వేస్తుంది. మధ్యలో ఒక పోగు తీసి గోటితో తుంచి, లోపల సన్నటి తెల్ల చుక్క కనిపిస్తుండగానే చిల్లుల గిన్నెలోకి వంపేస్తుంది. పైన చన్నీళ్లు పోస్తే ఉడకడం ఆగుతుంది, అంటుకునే గంజి పోతుంది. తర్వాత చెంచాడు నూనె రాసి, వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పెడుతుంది. ఆషాఢంలో, మరిడమ్మ తల్లి జాతర రోజుల్లో, గాలే చెమ్మగా ఉంటుంది కాబట్టి ఇంకాసేపు వదిలేస్తుంది. ఆకలేసి తొందరపెడితే, “ఉండు అమ్మాయ్, తడితో వేస్తే ఉడుకుద్ది గానీ వేగదు” అంటుంది.

కూరలు తరగడంలోనూ ఇదే లెక్క. క్యారెట్, బీన్స్ అగ్గిపుల్లంత సన్నగా, అన్నీ ఒకే మందాన. కడిగినవి గుడ్డతో అద్ది గానీ వేయదు. ముందు గట్టివి, తర్వాత క్యాప్సికం, చివర క్యాబేజీ. క్యాబేజీలో పది వంతులకు తొమ్మిది వంతులు నీరే. ఉప్పు ఆఖరికి. ముందే పడితే ముక్కల్లోని నీరంతా బయటికి లాగేస్తుంది.

ఆవిడ వాడేది ఇనప మూకుడు. ఖాళీగా కాలి, సన్నగా పొగ లేచేదాకా ఆగి అప్పుడు నూనె వేస్తుంది. నాన్‌స్టిక్ పూత ఆ వేడికి ఆగదు. వెల్లుల్లి పడీ పడగానే కూరలు, ఆ వెంటనే నూడుల్స్. అక్కడి నుంచి గరిటెతో తిప్పడం ఉండదు. ఒక చేత అట్లకాడ, ఇంకో చేత ఫోర్కు పట్టి, అడుగు నుంచి పైకెత్తి వదులుతుంది. పట్టు పోగుల చిక్కు తీసే నేతగాడిలా, ఎక్కడా లాగదు, నొక్కదు. సోయాసాస్‌ని నూడుల్స్ మీద పొయ్యదు. మూకుడు అంచు వెంట జారవిడుస్తుంది. కాలిన ఇనుముకు తగిలి చుయ్యిమంటూ బుడగలొచ్చి, పచ్చివాసన పోయి కమ్మగా మారుతుంది. సోయాసాస్‌లోనే బోలెడు ఉప్పుంది కనుక విడిగా వేసే ఉప్పు చిటికెడే. వెనిగర్ పులుపు వేడికి ఎగిరిపోతుందని స్టవ్ కట్టే ముందు చుక్కలుగా వేసి, ఉల్లికాడలు చల్లుతుంది.

ఇంట్లో నలుగురున్నా ఒక్కసారే వండదు. మూకుడు నిండితే వేడి పడిపోతుంది, అంతసేపు పడ్డ శ్రమ ఆవిరిలో కలుస్తుంది. రెండు ప్లేట్లకు సరిపడా తీసి వడ్డించేస్తుంది. మూకుడు తుడిచి, మళ్లీ పొగ రానిచ్చి రెండో వాయి మొదలెడుతుంది. అందరం కలిసి కూర్చుని తిందామంటే ఆవిడ ఒప్పుకోదు, వేడిగా ఉండగానే తినాలి.