బల్ల మీద తీగలుండవు

గ్రాండ్ పియానోలో 88 మీటలూ, సుత్తులూ, వాటి మధ్య యంత్రమూ అంతా ఒకే చట్రం మీద ఉంటుంది. ముందున్న చెక్కలు తీసేసి మెల్లగా లాగితే సొరుగులా బయటికొస్తుంది. లాగేటప్పుడు ఒక్క మీట కూడా నొక్కుకోకూడదు. నొక్కుకుంటే సుత్తి లేచి, పైనున్న చెక్కకి తగిలి పుటుక్కున విరుగుతుంది. ఆ కాసేపు ఎవరు పలకరించినా నేను పలకను.

బల్ల మీదికి చేరాక పని సుఖం. వెలుతురుంటుంది, నడుం వంచక్కర్లేదు. లేనివల్లా తీగలే. సుత్తి తీగకి ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరానికి రాగానే యంత్రం దాన్ని వదిలెయ్యాలి. మిగతా దూరం తన ఊపుతో తనే పోవాలి. వదలకపోతే తీగకి అతుక్కుని మోతను చంపేస్తుంది. ఈ వదలడమే లెట్-ఆఫ్. మరి తీగ లేకుండా దూరం ఎలా చూడటం? పియానోలో తీగల ఎత్తు ముందే కొలుచుకుని, బల్ల మీద సుత్తుల పైన అదే ఎత్తులో ఒక పట్టీ బిగిస్తాం. ఈ చివరా ఆ చివరా ఎత్తు ఒక్కలా ఉండదు కాబట్టి చాలాచోట్ల కొలవాలి.

స్ప్రింగుల పనికి మాత్రం బల్లే మేలు. మీట పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ మోగించే వీలు, 1821లో పేటెంట్ అయిన సెబాస్టియన్ ఎరార్ ఏర్పాటు వల్ల వచ్చింది. దెబ్బ కొట్టి వెనక్కొచ్చి ఆగిన సుత్తి, మీటను కాస్త వదలగానే ఆ ఏర్పాటులోని స్ప్రింగు తోపుకి నెమ్మదిగా లేవాలి. ఎగిరిపడితే స్ప్రింగు బిగువెక్కువ, కదలకపోతే తక్కువ. దీనికి కొలబద్ద అక్కర్లేదు. కన్నూ వేలూ చాలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

కొందరు బల్ల మీదే నూటికి నూరుపాళ్లూ ముగించేస్తామంటారు. నేనొప్పుకోను. చట్రం చెక్కది, వంగుతుంది. అరుగు మీద కుదురుగా ఉన్న నులక మంచాన్ని పెరట్లో వేస్తే ఒక కోడు గాల్లో ఉంటుంది కదా! చట్రం మధ్యలో కింద మరలుంటాయి. అవి పియానో అడుగు చెక్కకి తగిలీ తగలనట్టు ఉండాలి. మరీ ఒత్తితే ఎడమ పెడల్ నొక్కినప్పుడు చట్రం పక్కకి సాఫీగా జరగదు. అందకపోతే మీట కొట్టినప్పుడల్లా టకటకమంటుంది. బల్ల మీద ఆ ఆనిక మారితే మీటల ఎత్తు మారుతుంది, మీట దిగాల్సిన పది మిల్లీమీటర్ల లోతూ తప్పుతుంది. అందుకే ముందు చట్రాన్ని పియానోలోనే కుదురు చేసి, తర్వాతే బయటికి తీస్తాను. తిరిగి లోపలికి తోశాక టార్చి వెలుగులో వంగి, లెట్-ఆఫ్ మొత్తం మళ్లీ చూస్తాను. అయిపోయిందనుకున్న యజమానులు గడియారం చూస్తారు. ఆ రెండో విడతకి కూలి అడగడానికి నాకు మొహమాటం లేదు.