యోగ శిక్షకునికి ఆయుర్వేదమెంత?

అమెరికాలో యోగ శిక్షకులకు ఆయుర్వేద సూత్రములు నేర్పు అదనపు తరగతులు నడుచుచున్నవి. వీనిలో మెచ్చదగిన అంశము లేకపోలేదు. వ్యాయామమును శక్తిలో సగము మేరకే చేయవలెననియు, చలికాలము, వసంతము తప్ప తక్కిన ఋతువులలో ఇంకను తగ్గించవలెననియు వాగ్భటుడు అష్టాంగహృదయములో చెప్పినాడు. శిష్యుని ఆయాసమును కనిపెట్టి చూడవలసిన శిక్షకునకు ఇది పనికివచ్చును.

కాని నాలుగు ప్రశ్నలడిగి వాత, పిత్త, కఫ ప్రకృతిని తేల్చి మందు చెప్పుట వేరు సంగతి. బోస్టన్ ప్రాంతపు దుకాణములలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షింపగా, 14 మందులలో సీసము, పాదరసము, ఆర్సెనిక్‌లలో ఒకటైనను ఉన్నట్లు 2004లో వెలువడిన పరిశోధన తెల్పినది. సీసము పిల్లల మెదడునకు హానికరము. ఎచ్చట ఆగి వైద్యుని వద్దకు పంపవలెనో నేర్పని పాఠ్యక్రమము అసంపూర్ణమే.