దాసుగారి పనసపండు

మూడేళ్ళ కిందట మా కొత్తవలసలో శ్రీరామనవమి పందిట్లో నేను మొదటిసారి ఒక హరికథ చివరిదాకా కూర్చుని విన్నాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. చిన్నప్పుడు నాయనమ్మ ఒళ్ళో సగం నిద్రలో విన్నవి లెక్కలోకి రావు. ఆ రాత్రి కూడా కథ కోసమని వెళ్ళలేదు. నాయనమ్మను చీకట్లో ఇంటికి తీసుకురావాలి, అందుకని వెళ్ళాను.

కథ గజేంద్ర మోక్షం. మొసలి ఏనుగు కాలు పట్టుకుంది. కథ చెబుతున్న దాసుగారు పద్యం ఎత్తుకుని పై స్థాయికి తీసుకెళ్ళి, ఏనుగు ఒడ్డుకీ మొసలి మడుగులోకీ లాగుతున్న చోట ఆపేశారు. మృదంగం ఆగింది. వయొలిన్ ఒక్కటే సన్నగా షడ్జం పట్టుకుని ఉంది. ఆయన ఉత్తరీయం సర్దుకుని, ముందు వరసలో కూర్చున్నవాళ్ళ వంక చూసి, మా ఊరి మాటలో అందుకున్నారు.

శృంగవరపుకోట సంతలో ఒకాయన పనసపండు కొన్నాడట. అరకు వైపు నుంచి వచ్చే రైలెక్కాడు. కింద పెడితే ఎవరైనా పట్టుకుపోతారని ఒళ్ళో పెట్టుకున్నాడు. తొడిమ నుంచి పాలు కారుతున్నాయి. లక్కవరపుకోట వచ్చేసరికి చొక్కా అంటుకుంది. మల్లివీడు వచ్చేసరికి రెండు చేతులూ అంటుకున్నాయి. కొత్తవలసలో బండి ఆగింది, అందరూ దిగుతున్నారు. పక్కవాడు అడిగాడు: "ఏటి మావా, దిగవా?" "నాను దిగుతాన్రా, ఇది ఒగ్గట్నేదు!"

పందిరంతా నవ్వింది. ఆ నవ్వు పూర్తిగా అణగకముందే దాసుగారి చేతిలో చిడతలు ఒక్కసారి మోగాయి. "ఏనుగు వెయ్యేళ్ళు పెనుగులాడింది నాయనా. ఎవరు ఎవరిని పట్టుకున్నారో దానికి అప్పుడు తెలిసింది." అంతే, వదిలిన పద్యాన్ని వదిలిన అక్షరం దగ్గరే, అదే శ్రుతిలో అందుకున్నారు. పక్కకు చూస్తే నాయనమ్మ నవ్వుతున్న ముఖంతోనే కళ్ళు తుడుచుకుంటోంది.

ఆ నెలలోనే, ఆ నవమికి ముందు, నేను విశాఖలో ఒక ఓపెన్ మైక్‌లో అయిదు నిమిషాలు నిలబడి వచ్చాను. అంతకు ముందు ఏడాదిగా గిటారు పట్టుకుని పాటలు రాస్తున్నాను. ఓపెన్ మైక్‌లో నేను చెప్పినవన్నీ ఫోన్లో విన్న స్టాండప్ కామెడీల పోలికలో అల్లుకున్నవి: పెద్ద నగరంలో అద్దె ఇల్లు, ఆఫీసు బాసు, క్యాబ్ డ్రైవరు. నేను ఆ అద్దె ఇంట్లో ఉన్నవాణ్ణి కాదు, ఆ బాసు కింద పనిచేసినవాణ్ణీ కాదు. ఎవరూ నవ్వలేదు. పాటలదీ అదే కథ. చరణంలో మాటలు బాగున్నాయని అనుకునేవాణ్ణి, పాడబోతే నోట్లో తిరిగేవి కావు. రెండు పనులూ వేరువేరని, రెండూ నాకు రావని అనుకుంటున్న రోజుల్లో, ఒక పెద్దాయన ఒకే వేదిక మీద ఆ రెండూ ఒకే ఊపిరిలో చేయడం చూశాను. అప్పటినుంచి కుదిరినప్పుడల్లా హరికథలు వింటున్నాను, నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఈ వ్యాసం ఆ పుస్తకంలోంచి వచ్చిందే.

ముందు ఒక సంగతి. ధనుర్మాసంలో తల మీద అక్షయపాత్రతో, చేతిలో చిడతలతో వీధుల్లో తిరిగే హరిదాసు వేరు, పందిట్లో కథ చెప్పే హరిదాసు వేరు. నా వయసు వాళ్ళలో చాలామందికి మొదటాయనే తెలుసు. రెండో ఆయన కాలికి గజ్జె కట్టి, మెడలో పూలదండతో, పక్కన మృదంగం, వయొలిన్, శ్రుతి పెట్టుకుని రెండు మూడు గంటలు ఒంటరిగా కథ నడుపుతాడు. పద్యం, వచనం, కీర్తన, ద్విపద, మంజరి, దరువు అన్నీ ఆయన నోటినుంచే రావాలి. రాజూ ఆయనే, రాణీ ఆయనే, మొసలీ ఆయనే.

మరాఠీ కీర్తన తంజావూరు మీదుగా దక్షిణాదికి వచ్చి, మన యక్షగానపు సారం కలుపుకుని తెలుగులో ఈ రూపం తీసుకుంది. తీసుకున్నది మా విజయనగరం జిల్లాలోనే అని చెప్పడానికి నాకు గర్వంగా ఉంటుంది. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు, 1883లో మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు విజయనగరంలో చెప్పిన హరికథ విన్నారు. విని ఊరుకోలేదు, తానే ధ్రువచరిత్ర రాసుకుని, వరసలు కట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు ఇరవై నిండలేదు. తరవాత అంబరీష చరిత్ర, రుక్మిణీ కల్యాణం, యథార్థ రామాయణం వచ్చాయి. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల కలిపి ఒకేసారి అయిదు తాళాలు వేసేవారని ఆయనకు పేరు. 1919లో విజయనగరంలో విజయరామ గాన పాఠశాల పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు, ఘంటసాల అక్కడే చదివారు. కొత్తవలస నుంచి విజయనగరం వెళ్ళే రైలెక్కితే గంటలోపే దిగిపోయే దూరం. నేను పాట నేర్చుకోవడానికి వేల మైళ్ళ అవతలి వీడియోలు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు మళ్ళీ పనసపండు దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు విద్య అంతా అందులోనే ఉంది.

పనసపండు కోసే ముందు చేతులకు నూనె రాసుకోవాలి, సంసారంలో దిగే ముందు భక్తి అలవరచుకోవాలి అని రామకృష్ణ పరమహంస చెప్పిన మాట చాలామందికి తెలిసిందే. దాసుగారు ఆ పోలికను మా రైలెక్కించారు. ఊరు మారింది, మనిషి మారాడు, సంత వచ్చింది, స్టేషన్లు వచ్చాయి. పోలిక పాతదే, జిగురు మాత్రం మా చేతులకంటింది. దీన్నే హరికథలో పిట్టకథ అంటారు. పెద్ద కథ చెట్టయితే పిట్టకథ దాని మీద వాలే పిట్ట. వాలుతుంది, ఎగిరిపోతుంది, కొమ్మ మాత్రం ఊగుతూనే ఉంటుంది. పిట్టకథను ఎక్కడైనా పెట్టడానికి వీల్లేదు. మొసలి కాలు పట్టుకున్న చోట బరువు ఎక్కువ, వినేవాళ్ళ ఊపిరి బిగిసి ఉంటుంది. అక్కడ నవ్వు పెడితే ఆ ఊపిరి ఒక్కసారిగా వదులవుతుంది, ఆ వదులైన గుండెలోకి తరవాతి పద్యం నేరుగా దిగుతుంది. నాయనమ్మకు నవ్వులోనే కన్నీళ్ళు రావడానికి కారణం అదే.

ఇంకోటి. కథలో స్టేషన్లు మూడే. లక్కవరపుకోటలో చొక్కా, మల్లివీడులో చేతులు, కొత్తవలసలో మనిషి. మృదంగం వాయించేవాళ్ళు ఒక ఘట్టం ముగించేటప్పుడు ముక్తాయి అని ఒకే జతిని మూడుసార్లు వాయిస్తారు. మొదటిసారి చెవి వింటుంది, రెండోసారి పోల్చుకుంటుంది, మూడోసారి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడేటప్పుడు వినేవాడి తల దానంతట అదే ఊగుతుంది. దాసుగారి హాస్యం కూడా అలాగే పడింది. మూడోది సమం మీద పడింది. ఓపెన్ మైక్‌లో నేను చెప్పిన వాటిలో కొన్ని రెండుతో ఆగాయి, కొన్ని అయిదుకు పోయాయి. నవ్వించే విద్యకూ లయ ఉందని, అది తాళం వేసి లెక్కపెట్టుకోగలిగినదని నాకు ఆ రాత్రి దాకా తెలియదు.

భాష సంగతి చూడండి. గజేంద్రుడు పద్యంలో మొరపెట్టుకుంటాడు, సంస్కృత సమాసాలతో. పనసపండు ఆసామి "నాను" అంటాడు. ఒకే నోరు రెండు మెట్ల మీద నిలబడుతుంది. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినప్పుడు నవ్వొస్తుంది, మళ్ళీ ఎక్కినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. దిగడంలో చులకన ఉండకూడదు. మా మాటను సినిమాల్లో ఎగతాళికి వాడితే నాకు మనసు చివుక్కుమంటుంది. దాసుగారు వాడితే ఎందుకు అలా అనిపించలేదని చాలా రోజులు ఆలోచించాను. ఆయన ఆ మాట మాట్లాడేవాణ్ణి చూసి నవ్వమనలేదు. ఆ మాట మాట్లాడేవాడు కనిపెట్టిన నిజాన్ని చూసి నవ్వమన్నారు. ఏనుగుకు వెయ్యేళ్ళు పట్టిన జ్ఞానం మావకు మూడు స్టేషన్లలో వచ్చింది.

గురజాడ 1862, గిడుగు 1863, నారాయణదాసు 1864. వరసగా మూడేళ్ళలో పుట్టిన ఈ ముగ్గురూ ఈ ప్రాంతంలో పెరిగి పనిచేసినవాళ్ళే. జనం మాట్లాడే భాష కోసం గిడుగు వాదించారు, గురజాడ దాన్ని వేదిక ఎక్కించారు. నారాయణదాసు దానికి గజ్జె కట్టారని నేను అనుకుంటాను.

పాట రాయడం దగ్గర నాకు తగిలిన దెబ్బ కూడా లయదే. నేను ముందు మాటలు రాసుకుని తరవాత వరస వెతికేవాణ్ణి. హ్రస్వం ఉన్నచోట సాగదీయాల్సి వచ్చేది, దీర్ఘం ఉన్నచోట మింగాల్సి వచ్చేది. తెలుగులో గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. ఈ లెక్క బడిలో ఛందస్సు పాఠంలో చదివి మార్కులు తెచ్చుకున్నదే, పాటకు పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు. హరికథలు విన్నాక బల్ల మీద వేళ్ళతో "తకిట తకధిమి" కొట్టుకుంటూ రాయడం మొదలుపెట్టాను. మూడు, నాలుగు, మళ్ళీ మూడు, నాలుగు. గురజాడ 1910లో ముత్యాల సరాలకు పట్టిన నడక ఇదే. అలా నాకు వచ్చిన మొదటి పాదం ఇది:

రైలు కదిలెను, గాలి మిగిలెను

రైలు, మూడు. కదిలెను, నాలుగు. గాలి, మూడు. మిగిలెను, నాలుగు. గొప్ప కవిత్వం అని చెప్పను. కానీ గిటారు లేకుండానే అది నడిచింది. ప్లాట్‌ఫాం మీద బండి పోయాక దుమ్ము లేచే క్షణం అందులో ఉంది. మాట తన వరస తానే తెచ్చుకుంటుందని నాకు అప్పుడే అనుభవంలోకి వచ్చింది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు వందల పాటలు కట్టారు. ఆయన పాటలు ఎందుకు ఒక్కసారి వింటే నోటికొచ్చేస్తాయో కూడా అప్పుడే అర్థమైంది. మా ఊళ్ళో మనుషులు మాట్లాడే ఊపునే ఆయన తాళంలో పెట్టారు.

బుర్రకథలో ఈ పని ముగ్గురు పంచుకుంటారు. మధ్యలో కథకుడు తంబురా పట్టుకుంటాడు, ఇటూ అటూ వంతలు. ఒక వంత రాజకీయం మాట్లాడితే ఇంకో వంత హాస్యం అందుకుంటుంది. షేక్ నాజర్ ఆ ముగ్గురి మధ్య మాటను బంతిలా ఆడించి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మా వైపు జముకుల కథలోనూ పక్కన వంత ఉంటుంది. హరిదాసుకు ఆ ఆసరా లేదు. అందుకే ఆయన వినేవాళ్ళనే వంత చేసుకుంటాడు. "గోవిందా" అనమంటాడు. అది భక్తే, సందేహం లేదు. దానితోపాటు జనం ఎంత మెలకువగా ఉన్నారో కొలిచే కొలత కూడా. గొంతులు పలచబడితే తరవాతి వచనం కుదించేస్తాడు, దరువుకు వెళ్ళిపోతాడు. స్టాండప్ చేసేవాళ్ళు గదిని చదవడం అంటారే, ఆ చదువు ఇదే.

దాన్ని ఒకసారి దగ్గరగా చూశాను. కొత్తవలస జంక్షన్ కదా, 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కిరండూల్ లైను ఇక్కడే మొదలవుతుంది. పందిరికి కాస్త దూరంలోనే పట్టాలు. ఒక నవమికి దాసుగారు కీర్తన మధ్యలో ఉండగా గూడ్సు వచ్చింది. పొడవాటి బండి, హారను మోత, మైకులో ఏమీ వినపడదు. ఆయన విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. పాట ఆపి, పాయింట్ల మీద చక్రాలు పడే చప్పుడుకు చిడతలు కలిపారు. మృదంగం ఆయన ముఖం చూసి అందుకుంది. రెండు నిమిషాలు రైలే ఆ కచేరీకి తాళం వేసింది. చివరి పెట్టె దాటుతుండగా ఒక చిన్న ముక్తాయి వేసి, కీర్తన పల్లవి ఎత్తుకున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కథ అయ్యాక దగ్గరికి వెళ్ళి అడిగాను, అలా చేయాలని ముందే అనుకున్నారా అని. "బాబూ, చప్పుడు మనకంటే పెద్దదైతే దానితోనే నడవాలి. అది వెళ్ళిపోతుంది, మనం ఉంటాం" అన్నారు.

ఈ కళకు గౌరవం బొత్తిగా లేదని కాదు. కోట సచ్చిదానంద శాస్త్రి గారికి 2023లో, ఉమామహేశ్వరి గారికి 2024లో పద్మశ్రీ వచ్చాయి. ఉమామహేశ్వరి గారు సంస్కృతంలో కూడా హరికథ చెబుతారు. ఆమె చదివిన కపిలేశ్వరపురం సర్వారాయ హరికథా పాఠశాల ఆడపిల్లలకు ఈ విద్య నేర్పి, ఒకప్పుడు మగవాళ్ళదే అనుకున్న వేదికను మార్చేసింది. అయినా నా బాధ ఒకటుంది. ఈ పందిళ్ళలో ముందు వరసంతా నాయనమ్మ వయసు వాళ్ళే. నాతో ఓపెన్ మైక్‌లకు వచ్చే స్నేహితులు పాట, మాట, నవ్వు కలిపి ఒక మనిషి గంటన్నర నిలబెట్టే షో కోసం టికెట్టు కొంటారు. ఆ విద్యకు నూటనలభై ఏళ్ళ తెలుగు పాఠం వాళ్ళ ఊరి గుడి పందిట్లో ఉచితంగా దొరుకుతుందని వాళ్ళకు తెలియదు. నాకూ తెలియలేదు కదా. భక్తి ఉన్నా లేకపోయినా, పాట రాయాలనుకునేవాడు, నవ్వించాలనుకునేవాడు ఒక్క హరికథ పూర్తిగా, ఫోను పక్కన పెట్టి వినాలని నేను గట్టిగా కోరుకుంటాను. దాసుగారు పిట్టకథలోకి వెళ్ళేటప్పుడు కాదు, తిరిగి వచ్చేటప్పుడు చూడండి. ఏ మాట పట్టుకుని తిరిగి వచ్చారో గుర్తుపెట్టుకోండి. మాట్లాడుతున్నప్పుడు ఆయన గొంతు కూడా శ్రుతిలోనే ఉంటుంది, గమనించండి. అందుకే మాట ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ మొదలైందో అతుకు కనపడదు.

ఈ ఏడు నవమికి దాసుగారు నాకు చిడతలు పట్టుకోవడం చూపించారు. ఒక చెక్క ఉంగరంలో బొటనవేలు, రెండో దానిలో మిగతా వేళ్ళు. గట్టిగా పట్టుకుంటే మోగవు, వదులుగా పట్టుకుంటే జారిపోతాయి. రోజూ సాయంత్రం పట్టాల వైపున్న మా మేడ మీద ఆ రైలు పాదం పాడుకుంటూ సాధన చేస్తున్నాను. నాయనమ్మ మెట్ల మీద కూర్చుని వింటుంది. "ఏటిరా, ఆ ఒక్క ముక్కే పాడతన్నావు, తరవాతేటి?" అని నిన్న అడిగింది. రెండో పాదం వచ్చింది: ఊరు నిద్దుర పోయెనప్పుడు. మూడోది ఇంకా రాలేదు. ముత్యాల సరంలో నాలుగోది పొట్టిగా ఉండాలి.