జ్యోత్స్న సరిగ్గా పడిందా?

పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో ఎక్కించడం పెద్ద పనేం కాదు. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే టీ చల్లారేలోపు అయిపోతుంది. దాని చేత తెలుగు పేజీ కట్టించడమే పని. ఈమధ్య ఒక చిన్న మాసపత్రిక వాళ్లకి స్క్రైబస్ పెట్టిచ్చాను. ఉచితమని వాళ్లు దాన్ని కోరుకున్నారు. కొన్నేళ్ల కిందటైతే వద్దనేవాణ్ణి, 1.4 వెర్షన్లలో మన ఒత్తులు అతుక్కునేవి కావు. 1.5 ప్రయోగ వెర్షన్లలో ఆ లోటు తీరింది, 2024 జనవరిలో వచ్చిన 1.6తో ధైర్యంగా వాడుకునే స్థితికి చేరింది.

విండోస్‌లో దానితోపాటు ఘోస్ట్‌స్క్రిప్ట్ కూడా పెట్టాలి. లేకపోతే ఈపీఎస్ బొమ్మలు తీసుకోదు. తర్వాత ఫాంట్లు: సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన మండలి, రామభద్ర, సూరన్న వంటివి. ఇక్కడ 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అన్నదే నొక్కాలి. ఉత్త 'ఇన్‌స్టాల్' నొక్కితే కొన్ని ప్రోగ్రాముల కంటికి అవి ఆనవు.

స్క్రైబస్‌లో 'ప్రిఫరెన్సెస్' వేరు, 'డాక్యుమెంట్ సెటప్' వేరు. మొదటిచోట మార్చింది ఇకపై తెరిచే ప్రతి కొత్త ఫైలుకీ, రెండోచోట మార్చింది చేతిలో ఉన్న ఫైలుకే. పేజీ డెమ్మీ 1/8, అంటే 5.5 × 8.5 అంగుళాలు, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్. ఇవన్నీ మొదటిచోటే రాసేశాను. కలర్ మేనేజ్‌మెంట్ కూడా ఆన్ చేశాను, అది లేనిదే ప్రెస్ వాళ్లడిగే పీడీఎఫ్/ఎక్స్ ఎంచుకోనివ్వదు.

ఎక్కువసేపు పట్టింది వరుసల మధ్య దూరానికి. ఇంగ్లీషు అక్షరాలకి కిందికి దిగేవి ఏవో నాలుగైదు తోకలు. మనకి 'రాష్ట్రం'లో ష కిందే రెండు ఒత్తులు. సరిగ్గా వాటి కిందే తర్వాతి వరుసలో ఒక గుడిదీర్ఘం వచ్చిందా, రెండూ గుద్దుకుంటాయి. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల వరుస ఇచ్చాక పేజీకి ఊపిరాడింది. కాగితం ఎక్కువవుతుందని సంపాదకుడు గొణిగారు. చదివేవాడి కళ్లు కూడా ఖర్చే కదండీ అన్నాను.

అక్కడి డీటీపీ ఆపరేటరు మాత్రం దూరంగా నిలబడి చూస్తోంది. ఆవిడ చెయ్యి తిరిగింది పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్ల మీద. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, దానికి తెలుగే రాదు. తలకట్లనీ గుడులనీ ఒత్తులనీ ముక్కలు చేసి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెడితే, తాను పేరుస్తున్నది ఇంగ్లీషే అనుకుంటూ తెలుగు పత్రికలు అచ్చేసి పెట్టింది. హైఫనేషన్ ఆపకపోతే మన మాటని ఇంగ్లీషు లెక్కన ఎక్కడపడితే అక్కడ విరిచేది కూడా. ఇన్ని తిప్పలు తెలిసి, వాటన్నిటికీ విరుగుడు వేళ్లలో పెట్టుకున్నవాళ్లని 'మారరు' అని విసుక్కోవడం నాకు నచ్చదు. ఆవిడ అడిగింది ఒక్కటే: "నా యాపిల్ కీబోర్డు ఉంటుందా సార్?" యూనికోడ్‌కీ ఆ కీల అమరిక దొరుకుతుంది. అది పెట్టాకే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఇక ఒత్తుల పరీక్ష: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న. ఈ మాటల్ని ప్రతి ఫాంటులోనూ, ప్రతి సైజులోనూ ఒకే పేజీలో కొట్టించి పీడీఎఫ్ చేశాం. మండలి నిలబడింది. హెడ్డింగులకి తెచ్చిన మరో ఫాంటులో జ్యోత్స్న విడిపోయింది, దాన్ని అక్కడికక్కడే తీసేశాం.

పాత కంప్యూటర్ని అమ్మేస్తామన్నారు. వద్దన్నాను. పాత సంచికలన్నీ పేజ్‌మేకర్ ఫైళ్లే, వాటిలోని కథల్ని యూనికోడ్‌లోకి మార్చి సరిచూసేదాకా అది ఉండాలి. ఆ పని నెలకో సంచిక చొప్పున మొదలుపెడతానని ఆవిడే చెప్పింది.