బాధిత శబ్దము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల వార్తలు చదువువారికి “గల్ఫ్ బాధితుడు” అను మాట చిరపరిచితము. అప్పుచేసి యెడారి దేశమునకు పోయి, జీతము రాక, మరలివచ్చు దారి లేక చిక్కుకొన్నవాని కిది పేరైనది. దయతో పుట్టిన మాటయే. కాని దాని వ్యాకరణము నొకసారి విచారింపవలసియున్నది.

“బాధ్” ధాతువునకు “క్త” ప్రత్యయము చేరి “బాధిత” యైనది. బాధింపబడినవాడని యర్థము. కర్మణిప్రయోగము గనుక కర్త తృతీయావిభక్తిలో నుండవలెను. ఎవనిచేత బాధితుడు? “వరద బాధితుడు” అన్నచో మొదటి పదమే బదులు చెప్పును. “గల్ఫ్” అనగా సింధుశాఖ. ఆ నీరు వీనిని ముంచలేదు గదా! నమోదు కాని యేజెంటు మనుష్యులను విదేశములకు పంపరాదని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము శాసించినది. దాని నిబంధనలు సేవారుసుమునకు 30,000 రూపాయల హద్దు విధించినవి. అంతకు ఎన్నో రెట్లు గుంజుకొన్నవాడును, పాసుపోర్టు దాచుకొన్న యజమానియు తృతీయావిభక్తిలో నుండవలసినవారు. సమాసములో వారు లోపించి, సముద్రము పేరు మిగిలినది.

తర్కసంగ్రహమున అన్నంభట్టు చెప్పిన “బాధితము” వేరు. ద్రవ్యము గనుక అగ్ని చల్లనిదను ననుమానము స్పర్శచే బాధితము, అనగా చెల్లనిది. అచట సైతము ఏ ప్రమాణముచే బాధితమో చెప్పక విడువరు.

స్పానిష్ భాషలో “దెసాపరెసీదో” అను క్రియాజన్య విశేషణ మున్నది, అదృశ్యమైనవాడని యర్థము. 1976 మొదలు 1983 వరకు అర్జెంటీనా సైనిక ప్రభుత్వ మెత్తుకొనిపోయినవారికి ఆ పేరు వచ్చినది. తమంత తామే మాయమైనట్లున్నది మాట! 1977 నుండి తల్లులు బ్వేనోస్ ఐరిస్ నగరపు చౌకులో నడచి, మా బిడ్డల నేమిచేసితిరని పాలకులనే యడిగిరి.

మన పల్లెలలో “దుబాయి పోయి మోసపోయిండు” అందురు. ఇందులోను కర్త లేడు. మోసమంతయు పోయినవాని తప్పిదమే యన్నట్లున్నది. అయినను అరుగుమీది ముసలమ్మ అంతటితో నాగదు. “మా పిల్లగాన్ని ఫలానోడు ముంచిండు” అని పేరుపెట్టి చెప్పును. వార్త వ్రాయునప్పుడు ఆ వాక్యమే జారిపోవుచున్నది.

పేరు వ్రాసిన దావాలు వచ్చునందురు. నిజమే. పేరు వలదు, చేసిన పని వ్రాయవచ్చును గదా. “ఏజెంటు సొమ్ము గుంజుకొని వదలివేసినవాడు”, “యజమాని జీత మెగవేసినవాడు” అని వ్రాసిన పంక్తి కొంత పొడుగగును; అగుగాక.